ఆర్థో థియేటర్‌లో మొదటి కేసు: విద్యార్థి ఎక్కడ నిలబడాలి, ఏం చూడాలి, ఏం ముట్టుకోకూడదు

ఎముకల ఆపరేషన్ థియేటర్‌లోకి మొదటిసారి వెళ్ళిన విద్యార్థికి కనిపించేవి నాలుగు వీపులు, ఒక ఆకుపచ్చ గుడ్డ, మూలన ఒక తెర. గంటన్నర నిలబడి, కాళ్ళు పీకుతూ బయటికొచ్చాక ‘ఏం చూశావ్?’ అంటే ‘రాడ్ వేశారు సార్’ అన్న ఒక్క ముక్కే నోటికొస్తుంది. తర్వాతి అడుగు ఏమిటో ముందే తెలిసుంటే ఆ అడుగు కంటపడుతుంది. అది తప్పితే, తప్పిన సంగతీ కంటపడుతుంది. అందుకే ఇక్కడ సగం పని థియేటర్ బయట, ముందు రోజే ఉంది. ఏమీ చదవకుండా పది కేసులు చూడటం కంటే చదివి ఒక్క కేసు చూడటం మేలు.

ఇది ముఖ్యంగా ఎంబీబీఎస్ విద్యార్థులకు, హౌస్ సర్జన్లకు. ఫిజియోథెరపీ, ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నాలజీ చదివేవాళ్ళకూ చాలావరకు పనికొస్తుంది. ఉదాహరణకు ఒకే ఆపరేషన్ తీసుకుందాం. పెద్ద వయసువాళ్ళు బాత్రూంలో జారిపడి తుంటి దగ్గర విరగ్గొట్టుకునే ఇంటర్‌ట్రోకాంటరిక్ ఫ్రాక్చర్, దానికి వేసే పీఎఫ్ఎన్ (తొడ ఎముక గొట్టంలోకి పై నుంచి దించే రాడ్). ఏ ఆర్థో విభాగంలోనైనా ఈ కేసు దొరుకుతుంది. ఫ్రాక్చర్ టేబుల్ (కాలిని లాగి పట్టే బల్ల), సీ-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే బొమ్మను తెర మీద చూపే యంత్రం), గైడ్ వైర్ (దారి చూపే సన్నటి తీగ), రీమర్ (ఎముకలో దారిని వెడల్పు చేసే పనిముట్టు), స్క్రూ అన్నీ ఒక్క కేసులోనే చూడొచ్చు.

అనుమతి, టీకా

విభాగాధిపతి సరే అంటే సరిపోదు. ఆ రోజు కేసు చేసే యూనిట్ చీఫ్‌కి, థియేటర్ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి కూడా ముందే తెలియాలి. లోపల ఎంతమంది ఉండాలో తేల్చేది ఆ సిస్టరే. మనుషుల సంఖ్య పెరిగేకొద్దీ తలుపు తెరుచుకోవడం పెరుగుతుంది, గాలిలో దుమ్ము పెరుగుతుంది. ఇంప్లాంట్ పెట్టే కేసులో అది చిన్న విషయం కాదు. లోహం మీద చేరిన సూక్ష్మజీవులు ఒక పొర కట్టుకుని కూర్చుంటాయి, యాంటీబయాటిక్స్ వాటి దాకా సరిగా చేరవు. పేషెంటును కూడా అడగాలి: ‘రేపు ఆపరేషన్ చూడ్డానికి నేను లోపల ఉండొచ్చా అమ్మా?’ వద్దంటే ఇంకో కేసు చూసుకోండి.

హెపటైటిస్-బి టీకా మూడు డోసులు (0, 1, 6 నెలలు) పూర్తయి ఉండాలి. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ టైటర్ చూపించుకుంటే 10 యూనిట్లు, లేదా అంతకు మించి ఉండాలి. లేకపోతే రక్తం, ఎముక ముక్కలు ఎగిరే చోటుకి వెళ్ళడం అనవసరపు సాహసం.

అమెరికాలో చదువుతున్న తెలుగు పిల్లలు మెడికల్ స్కూల్ దరఖాస్తు కోసం చేసే షాడోయింగ్ (డాక్టర్ వెంట ఉండి చూడటం) దీనికి కాస్త వేరు. వాళ్ళు స్క్రబ్ అవ్వరు (చేతులు కడిగి, స్టెరైల్ గౌను, గ్లవ్స్ వేసుకుని ఆపరేషన్‌లో చేరరు), దేన్నీ ముట్టుకోరు. హిపా చట్టం ప్రకారం పేషెంటు వివరాలు బయటపెట్టబోమని సంతకం చేసి లోపలికి వెళ్తారు. థియేటర్‌లో నిలబడే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

ముందు రోజు సాయంత్రం: వార్డు, ఎక్స్‌రే, ఒక కార్డు

ఓటీ లిస్టు చూసి పేరు, వయసు, ఏ వైపు, ఏ ఆపరేషన్ అన్నవి రాసుకుని వార్డుకు వెళ్ళండి. అడగాల్సినవి ఎక్కువ లేవు. ఎలా పడ్డారు? కళ్ళు తిరిగి పడ్డారా, కాలు జారి పడ్డారా? కళ్ళు తిరిగి పడితే గుండె సంగతి కూడా చూడాలి. పడకముందు ఎలా నడిచేవారు, కర్రతోనా, కర్ర లేకుండానా? రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా? షుగర్, బీపీ ఉన్నాయా? ఎక్కడైనా కట్టు కట్టించుకుని వచ్చారా? పుత్తూరు కట్టుకో, ఊళ్ళో కట్టేవాళ్ళ దగ్గరికో వెళ్ళి, నొప్పి తగ్గక ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చేవాళ్ళు మన దగ్గర తక్కువేం కాదు. బిగించి కట్టిన చోట చర్మం మీద నీటి పొక్కులు ఉన్నాయేమో చూడండి. కోత పెట్టే చోట పొక్కులుంటే ఆపరేషన్ వాయిదా పడొచ్చు. రోజులు గడిచిన ఫ్రాక్చర్‌ని లాగి కుదర్చడమూ కష్టం.

కాలు చూడండి. విరిగిన వైపు కాలు పొట్టిగా కనిపిస్తుంది, పాదం బయటికి తిరిగి పడుంటుంది. కదిలించి చూడాలన్న ఉత్సాహం వద్దు, నొప్పి భరించలేరు.

తర్వాత ఎక్స్‌రే. రెండు తుంట్లూ పడేలా తీసిన ఫిల్ములో ఈ ఐదూ వెతకండి:

1. విరిగిన గీత ఎటు పోతోంది? మామూలుగా పై బయటి వైపు నుంచి కింది లోపలి వైపుకు దిగుతుంది. అది తలకిందులై లోపలి పైభాగం నుంచి బయటి కిందికి దిగితే రివర్స్ ఆబ్లిక్, ఏఓ వర్గీకరణలో (ఫ్రాక్చర్లకు కోడ్ ఇచ్చే పద్ధతి) 31ఏ3. దీనికి ప్లేటు కంటే రాడ్డు నమ్మకం.
2. లెస్సర్ ట్రోకాంటర్ (తొడ ఎముక పైభాగంలో లోపలి వైపున్న చిన్న బొడిపె) ఊడిందా? ఊడితే లోపలి వైపు ఆసరా పోయినట్టే, ఫ్రాక్చర్ నిలకడ లేనిది.
3. బయటి గోడ పలచగా ఉందా, చీలిందా?
4. తొడ ఎముక లోపలి గొట్టం ఎంత వెడల్పు? రాడ్డు సైజు దీన్నిబట్టే. మన దగ్గర ఎక్కువగా 9 నుంచి 12 మిల్లీమీటర్ల రాడ్లు వాడతారు.
5. బాగున్న తుంటిలో తొడ ఎముక మెడకూ కాండానికీ మధ్య కోణం ఎంత? సర్జన్ రేపు తిరిగి తేవాల్సింది ఈ కోణాన్నే.

ఆ ఎక్స్‌రేను చేత్తో బొమ్మ వేయండి. ఫోన్‌లో ఫొటో తీసుకోవడం కంటే ఇదే మేలు, గీస్తున్నప్పుడే ముక్కలు ఎన్నో తెలుస్తాయి. చివరగా జేబులో పట్టే కార్డు మీద ఆపరేషన్ అడుగులు ఎనిమిదో తొమ్మిదో వరసగా రాసుకోండి. పక్కన ఖాళీ ఉంచండి, అక్కడ జరిగింది రేపు నింపాలి.

పొద్దున బయల్దేరేటప్పుడు

టిఫిన్ తినాల్సిందే. ఇడ్లీ, ఉప్మా ఏదైనా సరే, కడుపు ఖాళీగా ఉండకూడదు. నీళ్ళు తాగి, లోపలికి వెళ్ళేముందు టాయిలెట్‌కి వెళ్ళి రండి.

గోళ్ళు కత్తిరించి ఉండాలి, నెయిల్ పాలిష్ ఉండకూడదు. ఉంగరాలు, గాజులు, వాచీ, చేతికి కట్టిన కాశీతాడు, గుళ్ళో కట్టిన ఎర్రదారం అన్నీ తీసేయాలి. ‘ఇది తీయకూడదు సార్’ అనే మాట ప్రతి బ్యాచ్‌లోనూ వినిపిస్తుంది. తీయలేనివాళ్ళు చూడొచ్చు గానీ స్క్రబ్ అవ్వలేరు. తడిసిన దారం కింద చర్మం శుభ్రం కాదు. మెడలో గొలుసు, తాళి ఉంటే స్క్రబ్ సూట్ లోపలే ఉండాలి. అయ్యప్ప దీక్షలో ఉన్నవాళ్ళు చెప్పుల విషయం ముందే ఆలోచించుకోవాలి. నేలమీద రక్తం, సూదులు, తెగిన వైర్ల కొనలు ఉండే చోట ఉత్తి కాళ్ళతో అడుగు పెట్టనివ్వరు.

ఎర్ర గీత దాటాక

బయటి చెప్పులు గీత అవతలే వదలాలి. లోపల బూట్లలాంటి మూసిన చెప్పులు దొరికితే అవే తీసుకోండి. స్క్రబ్ సూట్ వేసుకున్నాక టోపీలో జుట్టంతా దాగాలి, గడ్డం ఉంటే అదీ కప్పాలి. మాస్క్ ముక్కు మీద నుంచి ఉండాలి. కళ్ళద్దాలు లేనివాళ్ళు రక్షణ అద్దాలు అడిగి తీసుకోండి. డ్రిల్ తిరిగేటప్పుడు, సెలైన్ ప్రెషర్‌తో కడిగేటప్పుడు చిందే తుంపర ఎంత దూరం వస్తుందో చూస్తేగానీ నమ్మలేం.

లోపలికి వెళ్ళగానే మొదట కనబడే సిస్టర్‌కి మీ సంగతి చెప్పండి: ‘నమస్తే సిస్టర్, నేను థర్డ్ ఇయర్, ఈ కేసు చూడ్డానికి వచ్చాను, సార్‌కి చెప్పాను. ఎక్కడ నిలబడమంటారు?’ ఈ మాట అడిగిన విద్యార్థికి స్టూలు కూడా దొరుకుతుంది.

స్టెరైల్ హద్దులు ఇవి. ట్రాలీ మీద టేబుల్ ఎత్తుకు పైన ఉన్నదే స్టెరైల్, అంచు కిందికి వేలాడే గుడ్డ కాదు. గౌను వేసుకున్న మనిషికి ఛాతీ నుంచి నడుము దాకా ముందు భాగం, చేతులు మోచేతికి రెండంగుళాల పైదాకా మాత్రమే స్టెరైల్. వీపు ఎప్పుడూ కాదు. మీరు ఆకుపచ్చ గుడ్డకు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. పక్క నుంచి వెళ్ళాల్సి వస్తే ముఖం దాని వైపు పెట్టి వెళ్ళండి. వీపు పెడితే ఏం తగిలిందో మీకే తెలియదు. ట్రాలీకీ టేబుల్‌కీ మధ్య నుంచి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరొద్దు. చేతులు ఛాతీ దగ్గర కట్టుకోండి, జేబుల్లోకో వెనక్కో పోనివ్వొద్దు.

పొరపాటున ఏదైనా తాకితే అప్పుడే గట్టిగా చెప్పండి: ‘సిస్టర్, నా మోచెయ్యి ట్రాలీకి తగిలింది.’ తిడతారు. గుడ్డ మారుస్తారు, ఐదు నిమిషాలు పోతాయి. దాచిపెడితే ఆ ఐదు నిమిషాల బదులు పేషెంటుకు ఇన్‌ఫెక్షన్, రాడ్డు తీయడం, మళ్ళీ ఆపరేషన్ రావొచ్చు.

మత్తు, పొజిషన్, టైమ్ అవుట్

ఈ ఆపరేషన్‌కి ఎక్కువగా వెన్నులో మత్తు సూది ఇస్తారు. అంటే గుడ్డకు అవతల ఆ పెద్దాయన మెలకువగానే ఉంటారు, తెలుగు శుభ్రంగా వింటుంటారు. ‘అబ్బా, ఎంత రక్తం!’ అని గుసగుసలాడినా ఆయన చెవిన పడుతుంది. మత్తు డాక్టర్ ఒప్పుకుంటే తలవైపు వెళ్ళి ‘తాతగారూ, అంతా బాగానే జరుగుతోంది’ అని ఒక మాట చెప్పడం కూడా ఆ పూట మీరు చేయగల పనే.

తర్వాత ఫ్రాక్చర్ టేబుల్. మీరు అత్యంత శ్రద్ధగా చూడాల్సిన ఘట్టం ఇదే, కోత పెట్టేది కాదు. చాలామంది విద్యార్థులు ఈ సమయంలో బయట టీ తాగుతుంటారు. తొడల మధ్య మెత్త చుట్టిన స్తంభం, పాదం బూటులో బిగింపు, ఒంటి పైభాగాన్ని బాగున్న కాలి వైపుకు 10–15 డిగ్రీలు వంచడం. ఇలా వంచకపోతే రాడ్డు దించేటప్పుడు పక్కటెముకలు, నడుము అడ్డొస్తాయి. కాలిని లాగి, కాస్త ఎడంగా జరిపి, లోపలికి తిప్పుతారు. సీ-ఆర్మ్‌తో ముందు నుంచి, పక్క నుంచి రెండు బొమ్మలూ చూస్తారు. ఎముక ఇక్కడే కుదరాలి. రాడ్డు కుదిరిన ఎముకను పట్టి ఉంచుతుందంతే, వంకరను సరిచేయదు. స్తంభానికి మెత్త చాలకపోయినా, లాగుడు ఎక్కువసేపు ఉన్నా ఆ ప్రాంతపు నరం నలిగి తిమ్మిరి మిగిలిపోతుంది.

డబ్ల్యూహెచ్‌ఓ 2008లో తెచ్చిన సేఫ్టీ చెక్‌లిస్టులో 19 అంశాలు, మూడు విరామాలు ఉంటాయి: మత్తుకు ముందు, కోతకు ముందు, పేషెంటు బయటికి వెళ్ళేముందు. కోతకు ముందు అందరూ ఆగి పేరు, వైపు, ఆపరేషన్ చెప్పుకునేటప్పుడు (ఇదే టైమ్ అవుట్) మీరూ కదలకుండా వినండి. నిన్న రాసుకున్న వైపుతో పోల్చుకోండి. తేడా ఉందనిపిస్తే విద్యార్థినని సంకోచించొద్దు. యాంటీబయాటిక్ సెఫజోలిన్ 2 గ్రాములు కోతకు ముందు 60 నిమిషాల లోపే పడి ఉండాలి. మోకాలి కేసుల్లో టోర్నికే (కాలికి రక్తం ఆపే పట్టీ) బిగించడానికి కనీసం పది నిమిషాల ముందు మందు వెళ్ళాలి. బిగించాక ఇస్తే కాలికి చేరదు.

సీ-ఆర్మ్: లెడ్ ఏప్రాన్ లేకుండా లోపల ఉండొద్దు

ఏప్రాన్ 0.5 మిల్లీమీటర్ల సీసానికి సమానమైనది కావాలి, మెడకు థైరాయిడ్ షీల్డ్ కూడా. బరువు ఐదారు కిలోలుంటుంది. నడుము దగ్గర బెల్టు బిగిస్తే కొంత బరువు భుజాల మీంచి తగ్గుతుంది. ముందు భాగానికే సీసం ఉన్న ఏప్రాన్ అయితే యంత్రానికి వీపు తిప్పకూడదు. విప్పాక మడత పెట్టొద్దు, హ్యాంగర్‌కి తగిలించండి. మడత పడిన చోట లోపలి సీసం పొర పగులుతుంది, బయటికి కనబడదు.

మీ మీద పడే రేడియేషన్‌లో ఎక్కువ భాగం పేషెంటు ఒంటి నుంచి చెదిరి వచ్చేది. అది ఎక్స్‌రే గొట్టం ఉన్న వైపే ఎక్కువ, బొమ్మ పట్టే పెద్ద డబ్బా వైపు తక్కువ. ముందు నుంచి తీసే బొమ్మకు గొట్టం టేబుల్ కింద ఉంటుంది. పక్క బొమ్మకు యంత్రం తిరిగినప్పుడు గొట్టం ఎటు వచ్చిందో చూసి మీరు అవతలి వైపుకు జరగండి. ఒక మీటరు దూరం నుంచి రెండు మీటర్లకు జరిగితే మోతాదు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఏప్రాన్ తర్వాత ఇంత చవకైన రక్షణ ఇంకోటి లేదు. మన దేశంలో ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) నియమాల ప్రకారం రేడియేషన్ పనివాళ్ళకు పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, సామాన్య ప్రజలకు 1. వేరేవాళ్ళ టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటి మీద పడిన రేడియేషన్ లెక్కకట్టేది) అరువు తీసుకుని పెట్టుకోవద్దు, లెక్క ఇద్దరిదీ తప్పుతుంది. గర్భం దాల్చి ఉంటే, లేదా ఆ అనుమానం ఉంటే, ముందే చెప్పి సీ-ఆర్మ్ లేని కేసు ఎంచుకోండి.

నిలబడే చోటు: సర్జన్ విరిగిన తుంటి వైపు ఉంటారు, సీ-ఆర్మ్ కాళ్ళ మధ్య నుంచో అవతలి నుంచో వస్తుంది, తెర కాళ్ళ వైపు ఉంటుంది. మీకు పనికొచ్చే చోటు సర్జన్ భుజం వెనక, ఓ మీటరు దూరంలో, స్టూలు మీద. గాయం కనబడకపోయినా తెర కనబడాలి. ఈ కేసులో సర్జన్ చూపు కూడా ఎక్కువసేపు తెర మీదే ఉంటుంది. వైర్లు, సక్షన్ గొట్టం తొక్కకండి.

రాడ్డు దిగే వరస

*కోత.* గ్రేటర్ ట్రోకాంటర్ (తొడ ఎముక పైభాగంలో బయటి వైపున్న పెద్ద బొడిపె) కొనకు పైన మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు. లావుగా ఉన్నవాళ్ళకు ఇంకాస్త పైకి, పెద్దగా.

*ప్రవేశ బిందువు.* గైడ్ వైరు ట్రోకాంటర్ కొన మీద ఆనాలి, పక్క బొమ్మలో ఎముక గొట్టం మధ్యగీతతో కలవాలి. ఈ ఒక్క చుక్క కోసం సర్జన్ పది నిమిషాలు తంటాలు పడితే విసుక్కోకండి. చుక్క బయటికి జరిగితే రాడ్డు దిగుతూ తొడ ఎముక తలభాగాన్ని (కీలులో ఉండే గుండ్రటి భాగం) కిందికి వంచేస్తుంది. దాన్నే వేరస్ అంటారు. నిన్న మీరు కొలిచిన కోణం తగ్గిపోతుంది, స్క్రూ తలను చీల్చుకుని బయటపడే అవకాశం పెరుగుతుంది.

*పైభాగం రీమింగ్.* రాడ్డు పైభాగం లావు కాబట్టి ద్వారం వెడల్పు చేస్తారు. రీమర్ తిరుగుతూ దిగాలి. తిరగకుండా నెడితే విరిగిన ముక్కలు చీలిక కొట్టినట్టు విడిపోతాయి. ఈ క్షణంలో తెర చూడండి, కుదిరిన ముక్కలు ఎడమవుతున్నాయా? అసిస్టెంటు బయటి నుంచి లోపలికి నొక్కి పట్టుకునేది అందుకే.

*రాడ్డు.* చేత్తో అటూ ఇటూ తిప్పుతూ దించుతారు. సుత్తి దెబ్బలు పడుతున్నాయంటే ఎక్కడో పట్టేసింది: రాడ్డు లావైనా కావొచ్చు, తొడ ఎముక వంపు ఎక్కువైనా కావొచ్చు. బలంగా కొడితే కాండం చీలుతుంది. అనుభవమున్న సర్జన్ ఇక్కడ ఆగి, రాడ్డు తీసి, ఒక సైజు తగ్గించడమో గొట్టాన్ని రీమ్ చేయడమో చేస్తారు. కార్డు మీద ‘చేత్తో దిగింది’ అనో ‘కొట్టారు’ అనో రాసుకోండి.

*మెడలోకి గైడ్ వైరు.* జిగ్ (రాడ్డుకు బయట బిగించే, స్క్రూలకు దారి చూపే చట్రం) రంధ్రంలోంచి వైరు ఎముక మెడ మీదుగా తలలోకి వెళ్తుంది. రెండు బొమ్మల్లోనూ చూడాలి. ముందు బొమ్మలో మధ్యన లేదా కాస్త కిందుగా, పక్క బొమ్మలో సరిగ్గా మధ్యన ఉండాలి. ఇక్కడ నేర్చుకోవాల్సిన లెక్క టిప్-ఎపెక్స్ దూరం. స్క్రూ కొన నుంచి తల శిఖరం దాకా ముందు బొమ్మలో ఎంతో, పక్క బొమ్మలో ఎంతో కలిపితే 25 మిల్లీమీటర్ల లోపు రావాలి. బౌమ్‌గార్ట్‌నర్ బృందం 1995లో స్లైడింగ్ హిప్ స్క్రూల మీద చూపిన కొలత ఇది. తర్వాత రాడ్లకూ ఇదే అలవాటైంది.

*వైరు మీద రీమింగ్.* అతి ప్రమాదకరమైన నిమిషం. రీమర్ వైరును పట్టేసి తనతోపాటు ముందుకు నెడితే అది తలను దాటి కటి లోపలికి వెళ్తుంది. అక్కడ పెద్ద రక్తనాళాలున్నాయి. అందుకే మధ్యలో ఆగి సీ-ఆర్మ్ చూస్తారు. వెనక్కి తీసేటప్పుడు రీమర్‌తో వైరు కూడా ఊడి రాకుండా పట్టుకుంటారు. ఈ అడుగులో ఎవరితోనూ మాట్లాడకండి.

*స్క్రూలు.* కింద లావుపాటి లాగ్ స్క్రూ, పైన సన్నటి యాంటీ రొటేషన్ స్క్రూ. పైది ఎప్పుడూ పొట్టిగా ఉండాలి. పొడవైతే బరువు దాని మీదే పడి, అది కీలులోకి చొచ్చుకుపోవడం, కింది స్క్రూ బయటికి రావడం జరుగుతుంది. దీనికే జెడ్ ఎఫెక్ట్ అని పేరు. స్క్రూ బదులు బ్లేడు ఉండే పీఎఫ్ఎన్ఏలో ఒక్కటే వెళ్తుంది, అందులో ఈ తంటా ఉండదు.

*కింద లాకింగ్.* రాడ్డు కింది కొనను స్క్రూతో ఎముకకు బిగించడం. పొట్టి రాడ్డుకైతే జిగ్ ద్వారానే. జిగ్ మర కాస్త వదులైతే డ్రిల్ రాడ్డు రంధ్రాన్ని తప్పి పక్కకు పోతుంది. తెర మీద స్క్రూ రాడ్డును దాటి వెళ్ళిందా, పక్కన ఉందా అన్నది చూడండి. పొడవు రాడ్డుకు సీ-ఆర్మ్‌లో రంధ్రం గుండ్రంగా కనబడేదాకా సర్ది చేత్తో వేస్తారు.

డ్రిల్ శబ్దం వినడం అలవాటు చేసుకోండి. మొదటి గోడలో గట్టిగా, గరగరా. మధ్యలో చప్పబడుతుంది. అవతలి గోడ తగలగానే మళ్ళీ గట్టిపడి, ఒక్కసారిగా తేలికవుతుంది. ఆ తేలికైన క్షణంలో చెయ్యి ఆపకపోతే డ్రిల్ కండలోకి, నరాల్లోకి దూకుతుంది. ఎముక 47 డిగ్రీల వేడికి ఒక నిమిషం గురైతే చనిపోవడం మొదలవుతుంది, అందుకే ఆపి ఆపి తిప్పడం, సెలైన్ పోయడం. ప్లేటు కేసులు చూసేటప్పుడు రెండు జతలు గుర్తుంటే చాలు: 4.5 మిల్లీమీటర్ల కార్టికల్ స్క్రూకు 3.2 డ్రిల్, 3.5 స్క్రూకు 2.5 డ్రిల్.

లిస్టులో తర్వాతి కేసు తుంటి మెడ విరిగి, సిమెంటుతో సగం కీలు మార్చేదైతే ఒక మాట. 40 గ్రాముల పొడిలో సుమారు 20 మిల్లీలీటర్ల ద్రవం కలుపుతారు. అది పది పదిహేను నిమిషాల్లో రాయవుతుంది, గది వేడిగా ఉంటే ఇంకా త్వరగా. కలిపేటప్పుడు వచ్చే ఘాటు వాసనకు దూరంగా ఉండండి, కాంటాక్ట్ లెన్సులుంటే మరీ. సిమెంటు ఎముకలోకి వెళ్ళిన కొద్ది నిమిషాల్లో బీపీ, ఆక్సిజన్ ఒక్కసారిగా పడిపోవచ్చు. సర్జన్ ‘సిమెంట్ వెళ్తోంది’ అని మత్తు డాక్టర్‌కు చెప్పేది అందుకే. అప్పుడు మానిటర్ చూడండి.

‘స్క్రబ్ అవ్వు’ అంటే

గ్లవ్ సైజు చెప్పగలగాలి: 6.5, 7, 7.5. తెలియకపోతే ముందే ఒక జత తొడిగి చూసుకోండి. వదులు గ్లవ్ వేళ్ళ కొనల్లో ముడతపడి డ్రిల్‌కి చుట్టుకుంటుంది. ఆర్థోలో రెండు జతలు వేస్తారు, విరిగిన ఎముక అంచు బ్లేడంత పదును.

టోపీ, మాస్క్, అద్దాలు, ఏప్రాన్ అన్నీ చేతులు కడగకముందే సరిచేసుకోవాలి. ఆ రోజు మొదటిసారైతే ఐదు నిమిషాలు, తర్వాత మూడు: గోళ్ళు, వేళ్ళ నాలుగు వైపులు, అరచేయి, వెనక, మణికట్టు, మోచేతికి పైదాకా. చేతులు మోచేతుల కంటే ఎత్తులోనే ఉండాలి, నీళ్ళు మోచేతి నుంచే కారాలి. కుళాయి మోచేత్తో కట్టండి. గౌను వేసుకున్నాక చేతులు ఛాతీ ముందే. ముక్కు దురద పెడితే ఓర్చుకోవాలి.

మీకు అప్పగించేది బహుశా రిట్రాక్టరే (కండను పక్కకు లాగి పట్టే పనిముట్టు). పెట్టిన చోటే, పెట్టిన కోణంలోనే పట్టుకోండి. బలంగా లాగితే కండ నలుగుతుంది, హోమన్ అనే రిట్రాక్టర్ కొన జారితే నరమో రక్తనాళమో దెబ్బతింటుంది. అలసిపోతే ‘సార్, చెయ్యి మార్చుకోవచ్చా?’ అని అడగండి, చెప్పకుండా వదలొద్దు. వాడిన వైరు, బ్లేడు చేతి నుంచి చేతికి ఇవ్వకుండా కిడ్నీ ట్రేలో పెట్టండి.

కళ్ళు తిరిగితే, ఏదైనా గుచ్చుకుంటే

చెమట, చెవుల్లో గుయ్యి, చూపు అంచులు మసక. ఈ మూడిట్లో ఒకటి కనిపించినా వెనక్కి రెండడుగులు వేసి గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చోండి, తల మోకాళ్ళ మధ్య పెట్టండి. ‘ఇంకో నిమిషం ఓర్చుకుంటా’ అని నిలబడినవాళ్ళే ట్రాలీ మీద పడతారు. మోకాళ్ళు బిగించి నిలబడకుండా పిక్కలు కదుపుతూ ఉంటే చాలావరకు రాదు. సిగ్గుపడాల్సిన పని లేదు, ఏప్రాన్ వేడికి పీజీలకూ వస్తుంది.

గుచ్చుకుంటే గ్లవ్ తీసి సబ్బు, పారే నీళ్ళతో కడగండి. పిండొద్దు, స్పిరిట్ పోయొద్దు. కంట్లో చిందితే నీళ్ళతోనో సెలైన్‌తోనో బాగా కడగండి. వెంటనే సర్జన్‌కి, సిస్టర్‌కి చెప్పి క్యాజువాలిటీకి గానీ, ఏఆర్‌టీ సెంటర్‌కి (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రం) గానీ వెళ్ళండి. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమైతే రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. 28 రోజులు వాడాలి. కేసు అయ్యాక చూద్దాంలే అనొద్దు.

ప్రశ్నలు ఎప్పుడు

గైడ్ వైరు వెళ్ళేటప్పుడు, రక్తం కారేటప్పుడు, లెక్క సరిపోక సిస్టర్ మాపులు (రక్తం అద్దే గుడ్డలు) మళ్ళీ లెక్కపెడుతున్నప్పుడు అడక్కండి. కుట్లు వేసేటప్పుడు అడగొచ్చు. ‘పీఎఫ్ఎన్ అంటే ఏంటి సార్?’ అన్నది ఇంట్లో చదవాల్సిన ప్రశ్న. ‘సార్, వైరు రెండుసార్లు మార్చారు, మొదటిసారి పక్క బొమ్మలో ముందుకుందా?’ అన్నది చూసినవాడు అడిగేది, దానికి జవాబు నిండుగా వస్తుంది. ఫోన్ లాకర్‌లోనే ఉండాలి. పేరు కనబడకపోయినా థియేటర్ ఫొటో స్టేటస్‌లో పెట్టొద్దు.

బయటికి వచ్చాక

మరచిపోకముందే, పావుగంటలోనే కార్డు నింపండి. లాగ్‌బుక్‌లో పేషెంటు పేరు బదులు కేసు నంబరు వేయండి. ‘చూశాను’, ‘సాయం చేశాను’ రెండూ వేరు, చూసిన కేసును సాయం చేసినట్టు రాయొద్దు.

మర్నాడు పొద్దున వార్డుకు వెళ్ళండి. బీపీ, మూత్రం, హిమోగ్లోబిన్, డ్రెస్సింగ్ తడి, పాదం పైకి ఎత్తగలుగుతున్నారా, పిక్కలో వాపుందా చూడండి. ఫిజియోథెరపిస్టు ఆయన్ని మంచం అంచున కూర్చోబెట్టి, వాకర్‌తో నిలబెట్టే వేళకు అక్కడుండండి.

చెక్ ఎక్స్‌రే వచ్చాక టిప్-ఎపెక్స్ దూరం మీరే కొలవండి. ఫిల్ము మీద అన్నీ పెద్దవిగా కనబడతాయి కాబట్టి సరిచేయాలి. స్క్రూ అసలు మందం కేస్‌షీట్‌లో అతికించిన ఇంప్లాంట్ స్టిక్కర్ మీద ఉంటుంది. ఆ అసలు మందాన్ని ఫిల్ము మీద కొలిచిన మందంతో భాగించి, వచ్చినదాంతో మీరు కొలిచిన దూరాన్ని గుణించండి. ముందు బొమ్మకు ఒకసారి, పక్క బొమ్మకు ఒకసారి చేసి రెండూ కలపండి. ఆ అంకెను తేదీతో కార్డు వెనక రాసుకోండి. ఆరు వారాలకు ఆయన ఓపీకి వచ్చినప్పుడు కొత్త ఎక్స్‌రే మీద మళ్ళీ కొలిచి, పాత అంకె పక్కన వేయండి. తేడా కనబడితే యూనిట్‌లో చూపించండి.